చలికాలపు ఒడిదుడుకులు - ఎప్పుడూ పచ్చగా ఉండే పొదలు

పాఠం 17

17.1 పరిచయం

మీ ఇంటి ముందు మందార మొక్క ఉందా? మీరు పనిచేసే చోట కంచెగా పెంచిన పచ్చని పొదలు ఉన్నాయా? అవి ఏడాది పొడవునా ఆకులతో ఉండటం మీరు చూసే ఉంటారు. అలాంటి పొదలు కొన్ని చలికాలాల్లో ఉన్నట్టుండి నల్లబడతాయి, మాడిపోయినట్లు కనిపిస్తాయి. "చలి ఎక్కువై చచ్చిపోయాయి" అని మనం సరిపెట్టుకుంటాం. ఆ మాట పూర్తిగా నిజమేనా?

ఒక ఉదాహరణ చూద్దాం. ఢిల్లీలోని ఒక కాలనీలో ఒక తోటమాలి ఐదిళ్ల తోటలు చూస్తున్నాడనుకుందాం. నవంబరులో ఒక ఇంటివారు దక్షిణాది నుంచి లారీలో వచ్చిన మందార, నూరువరహాల మొక్కలను 20 కొని నాటించారు. డిసెంబరులో అవి పచ్చగానే ఉన్నాయి. జనవరి మధ్యలో నాలుగు రాత్రులు గట్టిగా చలి వేసింది. ఆకులు నల్లబడి వేలాడాయి. "నువ్వు నీళ్లు సరిగా పోయలేదు" అని యజమాని కోప్పడ్డాడు. మొక్కలు చచ్చిపోయాయనుకొని తోటమాలి అన్నిటినీ పీకి పారేశాడు. పీకేముందు మొదళ్లను గోరుతో గీరి చూసి ఉంటే చాలా మొక్కలు బతికే ఉన్నాయని అతనికి తెలిసేది. యజమానికి మొక్కల ఖరీదు పోయింది. తోటమాలికి ఆ ఇంటి పని పోయింది.

ఇక్కడ తప్పు ఎవరిది? నీళ్లదా, చలిదా, మొక్కలదా? ఈ పాఠం చదివిన తరువాత ఆ ప్రశ్నకు మీరే జవాబు చెప్పగలుగుతారు.

17.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

- మొక్కలు చలికి ఎలా సిద్ధపడతాయో వివరించగలుగుతారు;
- నిలకడ లేని చలి ఎందుకు ఎక్కువ హాని చేస్తుందో చెప్పగలుగుతారు;
- చలి వల్ల కలిగే మూడు రకాల దెబ్బలను గుర్తించగలుగుతారు;
- దెబ్బతిన్న పొద బతికి ఉందో లేదో పరీక్షించగలుగుతారు;
- చలికాలానికి ముందు, తరువాత తీసుకోవలసిన జాగ్రత్తలను పాటించగలుగుతారు.

17.3 నిత్యహరిత పొదలు అంటే ఏమిటి?

కొన్ని మొక్కలు ఏడాదిలో ఒక కాలంలో ఆకులన్నీ రాల్చి మోడుగా నిలబడతాయి. వీటిని ఆకురాల్చే మొక్కలు అంటారు. మరికొన్ని పాత ఆకులను కొన్ని కొన్నిగా రాలుస్తూ, కొత్తవి వేసుకుంటూ ఎప్పుడూ పచ్చగా ఉంటాయి. ఇవి నిత్యహరిత మొక్కలు. మందారం, గన్నేరు, నందివర్ధనం, నూరువరహాలు, క్రోటన్, గంధరాజం మన తోటల్లో సాధారణంగా కనిపించే నిత్యహరిత పొదలు. తేయాకు మొక్క కూడా నిత్యహరితమే. కత్తిరించకుండా వదిలితే అది చెట్టులా పెరుగుతుంది. కోతకు వీలుగా దాన్ని పొదలా ఉంచుతారు.

ఆకులు ఎప్పుడూ ఉండటం వల్ల ఈ మొక్కలకు ఒక లాభం, ఒక కష్టం ఉన్నాయి. చలికాలంలో ఎండ కాసిన రోజున కూడా అవి ఆహారం తయారుచేసుకోగలవు. ఇది లాభం. అయితే ఆకులున్నంత కాలం వాటి నుంచి నీరు ఆవిరిగా పోతూనే ఉంటుంది. దీనినే బాష్పోత్సేకం అంటారు. ఆకులు రాల్చిన మొక్కకు ఈ బాధ చాలా తక్కువ. ఆకులు నిలుపుకొన్న మొక్క మాత్రం చలిలో కూడా నీరు సంపాదించుకుంటూనే ఉండాలి. చలికాలపు కష్టాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

17.4 మొక్క చలికి ఎలా సిద్ధపడుతుంది?

చలి మొదలుకాక ముందే మనం పెట్టెలోంచి రగ్గులు తీసి ఎండలో వేస్తాం. మొక్క కూడా అలాగే ముందుగా సిద్ధపడుతుంది. పగళ్లు చిన్నవి కావడం, రాత్రులు క్రమంగా చల్లబడటం దానికి సూచనలు. చలికి తట్టుకోగల జాతి మొక్కలు ఈ సూచనలు అందుకొని మూడు పనులు చేస్తాయి.

మొదటిది, కొత్త చిగుళ్లు వేయడం ఆపి, ఉన్న కొమ్మలను ముదర పెట్టుకుంటాయి. లేత చిగురులో నీరు ఎక్కువ, గట్టిదనం తక్కువ. అందువల్ల చలికి ముందుగా పోయేది అదే.

రెండవది, కణాల్లో చక్కెరలను నిలవ చేసుకుంటాయి. చక్కెర కలిసిన నీరు మామూలు నీటికంటే తక్కువ ఉష్ణోగ్రత దగ్గర గడ్డకడుతుంది.

మూడవది, కణాల చుట్టూ ఉండే పలుచని పొరను, అంటే కణత్వచాన్ని మార్చుకుంటాయి. దీన్ని అర్థం చేసుకోవడానికి మీ వంటింట్లోకి వెళ్లండి. చలికాలంలో నెయ్యి గడ్డకడుతుంది. పక్కనే ఉన్న వేరుశనగ నూనె మామూలుగానే ఉంటుంది. రెండూ కొవ్వు పదార్థాలే, కాని రకాలు వేరు. కణత్వచంలో కూడా కొవ్వు పదార్థాలు ఉంటాయి. చలికి అలవాటు లేని మొక్కల్లో ఆ పొర నెయ్యిలాగా త్వరగా బిగుసుకుంటుంది. అప్పుడు అది తన పని సరిగా చేయలేదు. కణంలోని రసం బయటికి కారుతుంది. చలికి అలవాటుపడే మొక్క ముందుగానే ఆ పొరను నూనెలాంటి రకం కొవ్వులతో నింపుకుంటుంది.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోండి. ఇలా సిద్ధపడటానికి మొక్కకు కొన్ని వారాలు పడుతుంది. కాని ఈ సిద్ధపాటు సడలిపోవడానికి కొద్ది రోజుల వెచ్చదనం చాలు. కూడబెట్టడానికి కాలం కావాలి, పోగొట్టుకోవడానికి అక్కరలేదు. నిలకడ లేని చలి ఎందుకు ప్రమాదకరమో ఈ ఒక్క విషయంలోనే ఉంది. క్రమంగా వచ్చి నిలకడగా ఉన్న గట్టి చలిని తట్టుకున్న పొద, వారం రోజులు వెచ్చగా ఉన్న తరువాత ఉన్నట్టుండి వచ్చిన మామూలు చలికి దెబ్బతినవచ్చు.

మందారం, క్రోటన్, నూరువరహాలు వంటి ఉష్ణప్రాంతపు మొక్కలకు ఈ సిద్ధపడే శక్తి చాలా తక్కువ. వాటికి మన సాయం ఎక్కువ కావాలి.

పాఠ్యగత ప్రశ్నలు 17.1

1. చలికాలంలో ఆకురాల్చే మొక్కకంటే నిత్యహరిత మొక్కకు నీటి అవసరం ఎందుకు ఎక్కువ?
2. చలికి సిద్ధపడటానికి మొక్కకు అందే సూచనలు ఏవి?
3. ఖాళీని పూరించండి: చలికి సిద్ధపడటానికి మొక్కకు ........... పడుతుంది; అది సడలిపోవడానికి ........... చాలు.

17.5 మూడు రకాల దెబ్బలు

చలి దెబ్బ అని మనం ఒకే మాట వాడినా, నిజానికి అవి మూడు రకాలు. మూడింటికీ కారణాలు వేరు.

(అ) గడ్డకట్టని చలి దెబ్బ

ఉష్ణప్రాంతపు మొక్కలకు దెబ్బ తగలడానికి నీరు గడ్డకట్టవలసిన అవసరం లేదు. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన కొన్ని రాత్రులు వరుసగా ఉంటే చాలు. పైన చెప్పినట్లు కణత్వచం బిగుసుకుంటుంది. వేళ్లు చల్లని నేలలోంచి నీటిని సరిగా పీల్చలేవు. ఆకులు ఎర్రబారుతాయి లేదా పసుపుపచ్చగా మారి రాలుతాయి. ఢిల్లీలో కుండీల్లో కరివేపాకు పెంచుకునే తెలుగువారికి ఇది అనుభవంలో ఉన్న సంగతే. జనవరి వచ్చేసరికి కరివేపాకు మొక్క చాలావరకు ఆకులు రాలుస్తుంది. అది చచ్చిపోయిందని పారేయకండి. వేసవి ముందు మళ్లీ చిగురిస్తుంది.

(ఆ) గడ్డకట్టే చలి దెబ్బ

మంచు అనే మాటను మనం చాలా వాటికి వాడుతాం. ఉదయం గడ్డి మీద కనిపించే నీటి బిందువులూ మంచే. దారి కనబడకుండా కమ్మే పొగమంచూ మంచే. ఆకుల మీద ఉప్పు పొడిలా తెల్లగా పేరుకునేది కూడా మంచే. ఈ చివరిదాన్ని ఈ పాఠంలో గడ్డమంచు అందాం. హిందీ ప్రాంతపు రైతులు దీన్ని "పాలా" అంటారు.

ఆకులోని నీరు గడ్డకట్టేటప్పుడు ముందుగా కణాల మధ్య ఉన్న ఖాళీల్లో మంచు ఏర్పడుతుంది. ఆ మంచు కణాల లోపలి నీటిని బయటికి లాగుతుంది. కణాలు ఎండిపోతాయి. చలి నెమ్మదిగా వస్తే, సిద్ధపడిన మొక్క దీన్ని కొంతవరకు తట్టుకుంటుంది. ఉష్ణోగ్రత గబగబా పడిపోతే కణం లోపలే మంచు ఏర్పడవచ్చు. అలాంటి కణం ఇక బతకదు. మంచు కరిగిన తరువాత ఆకు ఉడకబెట్టిన ఆకుకూరలా మెత్తబడి, ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది.

తూర్పువైపున ఉన్న పొదలకు ఈ దెబ్బ ఎక్కువగా తగలడం మీరు గమనించవచ్చు. రాత్రి గడ్డకట్టిన ఆకుల మీద తెల్లవారగానే ఎండ పడుతుంది. మంచు ఒక్కసారిగా కరుగుతుంది. నెమ్మదిగా కరిగితే నష్టం తక్కువగా ఉంటుంది.

(ఇ) నీటి కరువు దెబ్బ

చలికాలంలో చుట్టూ తేమగా ఉన్నా మొక్క దాహంతో ఎండిపోవచ్చు. నేల బాగా చల్లబడినప్పుడు వేళ్ల పని మందగిస్తుంది. హిమాలయ ప్రాంతాల్లోనూ చలిదేశాల్లోనూ నేలలోని నీరే గడ్డకడుతుంది. అదే సమయంలో ఎండ కాసి పొడిగాలి వీస్తే ఆకుల నుంచి నీరు ఆవిరిగా పోతుంది. ఖర్చు ఉంది, రాబడి లేదు. ఆకుల అంచులు, కొసలు గోధుమరంగుకు మారి పెళుసుగా ఎండుతాయి. ఈ దెబ్బ వెంటనే కనిపించదు. కొన్ని వారాల తరువాత వెచ్చబడినప్పుడు బయటపడుతుంది. అందువల్ల చాలామంది దీన్ని తెగులు అనుకొని మందు కొడతారు. ఆ మందుకు పెట్టిన డబ్బు వృథా.

17.6 ఏ రాత్రి ప్రమాదకరం?

ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలకుండా ఉన్న రాత్రి చాలా ప్రమాదకరం. పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రి ఆకాశంలోకి పోతుంది. మబ్బు ఉంటే అది దుప్పటిలా ఆ వేడిని కొంత ఆపుతుంది. మబ్బు లేని రాత్రి ఆ ఆటంకం లేదు. ఆకులు, గడ్డి చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడతాయి. వాతావరణ కేంద్రంలో ఉష్ణమాపకాన్ని నేలకు 1 మీటరుకు పైగా ఎత్తున నీడలో ఉంచి కొలుస్తారు. అక్కడ 3 డిగ్రీలు ఉన్నప్పుడే నేలకు దగ్గరగా ఉన్న ఆకుల మీద గడ్డమంచు పడవచ్చు. "రేడియోలో 3 డిగ్రీలన్నారు, సున్నా కాలేదు కదా" అని నిశ్చింతగా ఉండకూడదు.

చల్లని గాలి బరువైనది. అది నీళ్లలాగా పల్లానికి జారి అక్కడ నిలుస్తుంది. అందువల్ల ఒకే తోటలో మెరక మీద ఉన్న పొద బాగుండి, పల్లంలో ఉన్న పొద మాడిపోవచ్చు.

చేసి చూడండి

చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉన్న ఒక సాయంత్రం రెండు ఇనుప రేకు ముక్కలు తీసుకోండి. ఒకదాన్ని ఆరుబయట, రెండవదాన్ని దట్టమైన చెట్టు కింద పెట్టండి. తెల్లవారుజామున రెండింటినీ చూడండి. దేని మీద మంచునీరు ఎక్కువగా ఉంది? మబ్బు పట్టిన రాత్రి ఇదే పని మళ్లీ చేయండి. తేడాను మీ నోటు పుస్తకంలో రాయండి.

17.7 ఒకే చలికాలంలో రెండు కాలాలు: ఢిల్లీ, 2023

ఉత్తర భారతంలో చలికాలపు ఒడిదుడుకులకు ముఖ్య కారణం పడమటి నుంచి వచ్చే వాతావరణ అలజడులు. ఇవి మధ్యధరా సముద్ర ప్రాంతం వైపు నుంచి వచ్చి మబ్బులను, చిరువానలను, కొండల మీద మంచును తెస్తాయి. అవి ఉన్నన్ని రోజులు రాత్రులు కాస్త వెచ్చగా ఉంటాయి. అవి దాటిపోగానే ఆకాశం తేటపడి, వాయవ్యం నుంచి చల్లగాలి వీస్తుంది. రాత్రి ఉష్ణోగ్రత చప్పున పడిపోతుంది.

2023 సంవత్సరపు చలికాలం దీనికి మంచి ఉదాహరణ. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో జనవరి 8న కనిష్ఠ ఉష్ణోగ్రత 1.9 డిగ్రీలు. తరువాత కొద్ది రోజులు చలి తగ్గింది. జనవరి 16న మళ్లీ 1.4 డిగ్రీలకు పడింది. నెల దాటి నాలుగు రోజులు గడిచాయో లేదో, ఫిబ్రవరి 20న అదే కేంద్రంలో పగటి ఉష్ణోగ్రత 33.6 డిగ్రీలకు చేరింది. దేశం మొత్తం మీద చూస్తే, 1901 నుంచి ఉన్న లెక్కల ప్రకారం పగటి వేడిమిలో అప్పటివరకు అన్నిటికంటే వేడైన ఫిబ్రవరి అదే.

ఇలాంటి ఏడాది ఒక మందార పొద స్థితి ఊహించండి. మొదటి చలికి కొసలు మాడతాయి. వెచ్చని రోజులు రాగానే బతికి ఉన్న కణుపులు కదులుతాయి. రెండవ చలి ఆ లేత కణుపులను దెబ్బ కొడుతుంది. తరువాత వచ్చే ఎండకు ఆకులు నీరు కోరతాయి. చలికి దెబ్బతిన్న వేళ్లు అంత నీరు అందించలేవు. ఒక్కొక్కటిగా తట్టుకోగల దెబ్బలు ఒకదాని వెంట ఒకటి పడటం వల్ల పొద నీరసిస్తుంది.

ఇప్పుడు మొదటి ఉదాహరణను మళ్లీ గుర్తుచేసుకోండి. రాజమహేంద్రవరం దగ్గర ఉన్న కడియం ప్రాంతపు నర్సరీల నుంచి మొక్కలు దేశంలోని అనేక రాష్ట్రాలకు లారీల్లో వెళతాయి. గోదావరి తీరంలో జనవరి రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీలకు పైనే ఉంటుంది. అక్కడ పెరిగిన మొక్క నవంబరులో ఢిల్లీ చేరితే చలికి సిద్ధపడే వ్యవధే దానికి దొరకదు. అది మొక్క లోపం కాదు, నర్సరీ లోపం కాదు. కొన్న కాలం సరైనది కాదు. అదే మొక్కను జులైలోనో ఆగస్టులోనో నాటితే వేళ్లు తన్ని, కొమ్మ ముదిరి, చలికి కాస్తయినా తట్టుకుంటుంది.

17.8 కొండల్లోనూ, దూరదేశంలోనూ

దక్షిణాదిలో చలి దెబ్బ ఉండదని అనుకోకండి. నీలగిరుల్లో ఊటీ సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ డిసెంబరు, జనవరి నెలల్లో లోయల్లోని గడ్డి తెల్లవారుజామున తెల్లగా మెరుస్తుంది. లోయల అడుగున ఉన్న తేయాకు పొదల ఆకులు మాడి గోధుమరంగుకు తిరుగుతాయి. ఏటవాలుపై ఉన్న పొదలకు అంత నష్టం ఉండదు. కేరళలోని మున్నార్ ప్రాంతంలో 2019 జనవరిలో ఉష్ణోగ్రత వరుసగా కొన్ని రోజులు సున్నాకు దిగువకు పోయి తేయాకు తోటలు దెబ్బతిన్నాయి. మాడిన పొద మళ్లీ చిగురించే దాకా ఆకు కోత ఉండదు. కోత లేకపోతే చిన్న రైతుకు రాబడి ఉండదు, కోసే కూలీకి పని ఉండదు. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో కూడా కొన్ని చలికాలపు ఉదయాల్లో గడ్డి మీద గడ్డమంచు కనిపిస్తుంది.

తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన అమెరికా నగరాల్లో అట్లాంటా ఒకటి. 2022 డిసెంబరు 23న అక్కడ కొన్ని గంటల్లోనే ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయి దాటి దిగజారి, మర్నాటికి సున్నాకు 10 డిగ్రీల కంటే దిగువకు పోయింది. ఆ ప్రాంతపు ఇళ్ల ముందు పెంచే గంధరాజం వంటి నిత్యహరిత పొదలు చాలాచోట్ల గోధుమరంగుకు మారాయి. అక్కడి వ్యవసాయ విస్తరణ శాఖలవారు ఇచ్చిన సలహా ఒక్కటే: తొందరపడి నరకకండి, వసంతం దాకా ఆగండి. దేశం వేరైనా మొక్క స్వభావం ఒకటే. ఆ సలహా మనకూ వర్తిస్తుంది.

పాఠ్యగత ప్రశ్నలు 17.2

1. మబ్బు ఉన్న రాత్రికంటే మబ్బు లేని రాత్రి ఎందుకు ప్రమాదకరం?
2. తూర్పువైపు ఉన్న పొదలు ఎక్కువగా దెబ్బతినడానికి కారణం ఏమిటి?
3. "సరి" లేదా "తప్పు" అని రాయండి: ఉష్ణోగ్రత సున్నాకు చేరితేనే మందార మొక్క దెబ్బతింటుంది.

17.9 చలికి ముందు మనం చేయవలసినవి

1. అక్టోబరు మధ్య నుంచి యూరియా వంటి నత్రజని ఎరువులు ఆపండి. అవి లేత చిగుళ్లను పుట్టిస్తాయి. చలికి ముందు మనకు కావలసింది చిగురు కాదు, ముదురు కొమ్మ.

2. చలికాలం దగ్గరపడ్డాక కంచెలను గట్టిగా కత్తిరించకండి. కత్తిరింపు కూడా చిగుళ్లను పిలుస్తుంది.

3. మొదలు చుట్టూ ఎండుటాకులనో గడ్డినో సుమారు 4 అంగుళాల మందాన పరచండి. కాండానికి తగలకుండా కొద్ది ఎడం ఉంచండి. నేల వేడి త్వరగా పోదు, తేమ నిలుస్తుంది.

4. నేల ఎండిపోకుండా చూడండి. తడి నేల పొడి నేలకంటే ఎక్కువ వేడిని నిలవ చేసుకుంటుంది. చలిగాలుల హెచ్చరిక ఉన్న రోజున మధ్యాహ్నం నేలలోని మొక్కలకు తేలికగా నీరు పెట్టండి. మామూలు రోజుల్లో ఎండ వచ్చాక, 10 గంటల ప్రాంతంలో పోయండి. కుండీలో నీరు నిలవనివ్వకండి. చల్లని బురదలో వేళ్లు కుళ్లుతాయి.

5. కుండీలను దక్షిణం వైపు తెరిచి ఉన్న గోడ పక్కకు చేర్చండి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. ఎండకు వెచ్చబడిన గోడ రాత్రి కొంత వేడి ఇస్తుంది. నేలలోని వేళ్లకంటే కుండీలోని వేళ్లకు చలి ముందుగా తగులుతుందని గుర్తుంచుకోండి.

6. గడ్డమంచు పడే రాత్రి పొదలను పాత దుప్పటితోనో గోనె పట్టాతోనో కప్పండి. నాలుగు కర్రలు పాతి వాటిపై వేయాలి. గుడ్డ నేలకు తగలాలి. మనం ఆపదలచింది నేల నుంచి వచ్చే వేడిని. పైన మాత్రం టోపీలా కప్పి వదిలేస్తే ఆ వేడి పక్కల నుంచి పోతుంది. పాలిథిన్ కాగితం ఆకులకు తగిలితే తగిలిన చోట ఆకు మాడుతుంది. ఎండ వచ్చాక కప్పినదాన్ని తీసేయండి.

17.10 చలి దెబ్బ తగిలిన తరువాత

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ముందుగా చేయవలసిన పని, ఏమీ చేయకుండా ఆగడం.

నల్లబడిన ఆకులు చూడటానికి బాగుండవు. అయినా వాటిని అలాగే ఉంచండి. ఆ ఎండిన ఆకులు, కొమ్మలు లోపలి కణుపులకు తరువాతి చలి నుంచి కొంత కాపుదల ఇస్తాయి. జనవరిలోనే కత్తిరిస్తే చిగుళ్లు పుట్టి రెండవ చలికి చిక్కుతాయి. పైగా కొమ్మ ఎంతవరకు చచ్చిందో అప్పటికి తెలియదు. మీరు కత్తిరించినది బతికున్న కొమ్మ కావచ్చు.

పొద బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి గోరు పరీక్ష చేయండి. కొమ్మ కొసన గోరుతో బెరడును కొద్దిగా గీరండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ఆ భాగం బతికి ఉంది. గోధుమరంగులో, పొడిగా ఉంటే కిందికి జరిగి మళ్లీ గీరండి. పచ్చదనం కనిపించేదాకా ఇలా మొదలు వరకు రండి. మొదట్లో పచ్చగా ఉంటే ఆ పొద మీద ఆశ వదులుకోకండి. పైకొమ్మలన్నీ పోయినా మందారం, గన్నేరు తరచుగా మొదలు నుంచి చిగురిస్తాయి.

ఢిల్లీ వంటి మైదాన ప్రాంతాల్లో ఫిబ్రవరి చివర, మార్చి మొదట కొత్త చిగుళ్లు కనిపిస్తాయి. కొండ ప్రాంతాల్లో ఇంకా ఆలస్యమవుతుంది. చిగుళ్లు కనిపించిన తరువాత వాటికి కొద్దిగా పైన, పదునైన కత్తెరతో ఎండు కొమ్మను తీసేయండి. అప్పుడే ఎరువు కూడా వేయండి, అదీ కొద్దిగానే. నీరసించిన మనిషికి ముందు గంజి ఇస్తాం, విందు భోజనం పెట్టం కదా. మే వరకు చిగురించని మొక్కను, మొదట్లో కూడా పచ్చదనం లేకపోతే, తీసేయవచ్చు.

మీరు తోటపని చేసేవారైతే మరో మాట. పరీక్ష చేసేటప్పుడు ఇంటివారిని పిలిచి ఆ పచ్చదనాన్ని వారికి చూపించండి. "మార్చి దాకా ఆగుదాం" అని కారణంతో చెప్పండి. చూసిన కన్ను నమ్ముతుంది. మొక్కతో పాటు మీ పని కూడా నిలుస్తుంది.

17.11 మీరు నేర్చుకున్నది

- నిత్యహరిత పొదలు చలికాలంలో కూడా ఆకుల ద్వారా నీరు కోల్పోతాయి.
- చలికి సిద్ధపడటానికి మొక్కకు వారాలు పడుతుంది. ఆ సిద్ధపాటు కొద్ది రోజుల వెచ్చదనానికే సడలుతుంది. అందువల్ల నిలకడగా ఉన్న చలికంటే ఒడిదుడుకుల చలి ఎక్కువ హాని చేస్తుంది.
- చలి దెబ్బలు మూడు రకాలు: గడ్డకట్టని చలి దెబ్బ, గడ్డకట్టే చలి దెబ్బ, నీటి కరువు దెబ్బ.
- మబ్బు, గాలి లేని రాత్రి, పల్లపు ప్రదేశం ఎక్కువ ప్రమాదకరం.
- దెబ్బతిన్న పొదను వెంటనే కత్తిరించకూడదు, పీకకూడదు. గోరు పరీక్ష చేసి, చిగుళ్లు వచ్చేదాకా ఆగాలి.

17.12 పాఠాంత ప్రశ్నలు

1. నెయ్యి, నూనె ఉదాహరణతో కణత్వచంలో చలికి వచ్చే మార్పును వివరించండి.
2. నీటి కరువు దెబ్బను తెగులు అని పొరపడటానికి కారణం ఏమిటి?
3. 2023 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఢిల్లీలో నమోదైన ఉష్ణోగ్రతల ఆధారంగా ఒడిదుడుకుల చలి పొదలను ఎలా నీరసింపజేస్తుందో రాయండి.
4. పరిచయంలోని తోటమాలి స్థానంలో మీరుంటే నవంబరులో ఏం చెప్పేవారు? జనవరిలో ఏం చేసేవారు?
5. మీ వీధిలో చలికి ఎక్కువగా దెబ్బతినే ఒక మొక్కను గమనించి, దాని చోటు, దిక్కు, మీరు చూసిన లక్షణాలను 10 వాక్యాల్లో రాయండి.

17.13 పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

17.1
1. ఆకులు ఉండటం వల్ల బాష్పోత్సేకం జరుగుతూనే ఉంటుంది. ఆ నీటిని వేళ్లు తిరిగి అందించాలి.
2. పగళ్లు చిన్నవి కావడం, రాత్రులు క్రమంగా చల్లబడటం.
3. కొన్ని వారాలు, కొద్ది రోజుల వెచ్చదనం.

17.2
1. నేల నుంచి పోయే వేడిని ఆపే మబ్బు ఉండదు. ఆకులు గాలికంటే కూడా ఎక్కువగా చల్లబడతాయి.
2. గడ్డకట్టిన ఆకులపై ఉదయపు ఎండ నేరుగా పడి మంచు ఒక్కసారిగా కరుగుతుంది.
3. తప్పు. సుమారు 10 డిగ్రీలకు దిగువన కొన్ని రాత్రులు వరుసగా ఉన్నా దెబ్బతింటుంది.